ఊట కొలిచాకే చందా అడిగాం

మూడేళ్ల కిందట ఒక పల్లెలో సాగునీటి బావి కోసం తిరిగి తిరిగి చందాలు పోగుచేశాను. వానలు వెలిసిన కొత్తలోనే తవ్వించాం. తొందరగానే జల పడింది. నీళ్లతో నిండిన బావి ఫోటోలు పంపితే ఇచ్చినవాళ్లంతా ఎంతో సంతోషించారు. ఎండలు ముదిరేసరికి అడుగున బురద మిగిలింది. కళ్లముందే పైరు ఎండిపోయినా ఆ రైతు నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

నీళ్లున్నాయా అని చూశాం కానీ ఊట ఎంతో చూడలేదు. అక్కడే దెబ్బతిన్నాం.

ఈసారి కొందరు రైతులు పాత బావిని బాగుచేసి డ్రిప్ వేద్దామని అడిగారు. నాలుగు ఎకరాలు తడవాలన్నది వాళ్ల ఆశ. నేను చందా పుస్తకం తీయలేదు. ఎండాకాలం చివర్లో, నీటిమట్టం బాగా కిందికి దిగిపోయే రోజుల్లో వెళ్లాం. సాయంత్రం ఇంజను పెట్టి అడుగుదాకా తోడేశాం. మీటరుకొక ముడి వేసిన తాడుకు రాయి కట్టి దించితే తడిసింది బెత్తెడు. తెల్లారి మళ్లీ దించాం. రాయి అడుగుకు తగిలి తాడు వదులైంది. పైకి లాగి చూస్తే మొదటి ముడి కూడా తడిసింది. మూడు రోజులూ దాదాపు అంతే.

బావి అడ్డం 6 మీటర్లు. అంటే మీటరు ఎత్తు నీళ్లు సుమారు 28,000 లీటర్లు. పంటకు రోజుకు 5 మిల్లీమీటర్ల తడి కావాలనుకుంటే ఎకరానికి 20,000 లీటర్లు పడుతుంది. దారిలో పోయేది పోగా ఎండాకాలంలో ఈ బావి తడపగలిగింది ఎకరం పావు. డ్రిప్ నీటిని పుట్టించదు, వృథాను తగ్గిస్తుంది, అంతే.

ఆ లెక్క ఉన్నదున్నట్టు రాసే చందా అడిగాం. ఇంత తక్కువకా అని కొందరు వెనక్కి తగ్గారు. టెన్షన్ పడ్డాను, నిజమే. కానీ అంకె మాత్రం పెంచలేదు.

నీటి పరీక్ష ఖర్చు కూడా అందులోనే కలిపాం. నీటి ఉప్పదనం చెప్పే కొలత విద్యుత్ వాహకత. అది మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపు ఉంటే బెంగ లేదు, 3 దాటితే చాలా పంటలు తట్టుకోలేవు. బావి ఎవరి నేలలో ఉంది, ఎవరి వంతు ఎప్పుడు అన్నది కాగితం మీద రాయించాకే పని మొదలుపెట్టాం.

అన్నింటికంటే కష్టమైంది నిర్వహణకు డబ్బు అడగడం. బావి తవ్వడానికి ఇచ్చే చెయ్యి ఫిల్టరు జాలీకి అంత సులువుగా రాదు. కానీ ఆ జాలీ కడగకపోతే డ్రిప్ రంధ్రాలు పూడుకుపోతాయి, వరస చివరి మొక్కలు ముందు వాడిపోతాయి. మోటారు కాలిపోయినా, ఒర రాయి జారినా బాగుచేసే డబ్బు లేకపోతే అంతమంది ఇచ్చిన సొమ్మూ బావిలో పోసినట్టే. అందుకే వచ్చినదాంట్లో కొంత ముట్టుకోకుండా విడిగా ఉంచాం, నీళ్లు వాడుకునేవాళ్లు కూడా పంటకింత అని అందులో వేస్తున్నారు.

ఇచ్చినవాళ్లకు ఇప్పుడు నెలనెలా తాడు కొలత పంపుతున్నాను. పోయిన నెలది: తెల్లారేసరికి ఒక మీటరు, పైన నాలుగు వేళ్లు.