రాధే గృహం ప్రాపయ

మేఘైర్మేదురమంబరం వనభువః శ్యామాస్తమాలద్రుమైః
నక్తం భీరురయం త్వమేవ తదిమం రాధే గృహం ప్రాపయ

మొన్న రాధాష్టమికి విజయవాడ సత్యనారాయణపురంలో మా భజన బృందం జయదేవుడి గీతగోవిందం మొదట్లో వచ్చే ఈ శ్లోకాన్ని ఒక్క గుక్కలో మింగేసి, తొలి అష్టపది ‘ప్రళయపయోధిజలే’ అందుకుంది. ఏం తొందరో! ఆ కావ్యంలోని 24 అష్టపదులకూ, అంటే పాటలకూ, గుమ్మం ఆ శ్లోకమే కదా.

మబ్బులు కమ్మాయి, అడవి నల్లబడింది, వీడికి రాత్రంటే భయం, నువ్వే ఇంటికి చేర్చమ్మా అంటున్నాడు నందుడు. అంటే రాధ పెద్దది. చెయ్యి పట్టి నడిపించవలసిన చిన్నవాడు కృష్ణుడు. బ్రహ్మవైవర్త పురాణంలోనైతే నందుడు ఆమె చేతుల్లో పెట్టేది పసిబిడ్డనే. అక్కడే, భాండీరవనంలో, బ్రహ్మ వారిద్దరికీ పెళ్లి చేస్తాడు. ఇది మింగుడుపడక, ఆ మాట నందుడిది కాదు, చెలికత్తెదని సర్దిచెప్పిన వ్యాఖ్యాతలూ ఉన్నారు. జయదేవుడికి లేని బెంగ వీరికెందుకో!

నాకు ప్రాణం రెండో సగం మీద.

ఇత్థం నందనిదేశతశ్చలితయోః ప్రత్యధ్వకుంజద్రుమం
రాధామాధవయోర్జయంతి యమునాకూలే రహఃకేళయః

నందుడు చెప్పాడని బయల్దేరి, దారిలో ప్రతి పొదరింటా సాగిన రాధామాధవుల యమునాతీరపు ఏకాంత లీలలకు జయమంటున్నాడు కవి. మొదటి సగంలో ‘అయం’ (వీడు) వేరు, ‘త్వం’ (నువ్వు) వేరు. వాడు జడిసేవాడు, నువ్వు తోడు. అడుగు కదిలిందో లేదో ‘చలితయోః’ (కదిలిన ఆ ఇద్దరివి) అని ద్వివచనం వచ్చేసింది. ఆ వెంటనే ‘రాధామాధవయోః’, ఒకే సమాసం. సమాసం కుదిరితే లోపలి విభక్తి లోపిస్తుందని చిన్నప్పుడు వల్లె వేశాం. ఇక్కడ లోపించింది వయసు! పైగా తిన్నగా ఇంటికి పోలేదు, దారిలో ప్రతి పొదరింటి దగ్గరా ఆగుతూ వెళ్లారు. 19వ అష్టపదికి వచ్చేసరికి ఆ జడుపుగొట్టు పిల్లవాడే ‘దేహి పదపల్లవముదారం’ అంటూ ఆమె పాదాన్ని తన తల మీద పెట్టమంటాడు. అక్కడ మేమందరం కళ్లు ఒత్తుకుంటాం.

ఆ రోజూ ఒత్తుకున్నాం. హారతి పళ్లెం చల్లారలేదు, పులిహోర దొన్నె అందుకుంటూ ఒకావిడ మా బృందంలో అందరికంటే బాగా పాడే ఆమెను ‘మీ అబ్బాయి రాలేదా?’ అని అడిగింది. ఆమెకు అరవై దగ్గర పడుతున్నాయి, భర్తకు నలభై దాటాయి. మూడేళ్ల క్రితం రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. అడిగినావిడకు ఇదంతా తెలుసు. నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను.

‘మావారు బయటే ఉన్నారండీ, వాన కదా’ అందామె, దొన్నె మీద ఇంకో ఆకు కప్పుకుంటూ. కిటికీలోంచి చూస్తే ఆయన ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో ఆమె చెప్పులు తడవకుండా అరుగు మీదికి జరుపుతున్నారు.

అమ్మా, అష్టపదులైనా మానండి, ఆ నవ్వైనా మానండి. పటంలో రాధ పెద్దదైతే లీల, మన పక్కన కూర్చున్నావిడ పెద్దదైతే వింతా? నాకూ కలిపే చెప్పుకుంటున్నాను. ఆ రాత్రి ‘క్షణమధునా’ అష్టపది పాడుకోబోతే నా గొంతు పెగల్లేదు.

వచ్చే శనివారం భజనలో తొలి శ్లోకం ఆమెనే ఎత్తుకోమని అడుగుతాను. ‘ప్రాపయ’ దగ్గర ఆమె ఎంతసేపు ఆగితే అంతసేపు తాళాలు కింద పెట్టి ఉంచండి.