రామప్ప తొవ్వలో మా బోర్డు

2021 జూలైలో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఊరంతా సంబురపడ్డాం. తీరా చూస్తే, జంగాలపల్లి క్రాస్‌రోడ్డు దగ్గర మళ్లిన కార్లు మా ఇళ్ల ముందు నుంచి ఎంత జోరుగా పోతున్నాయో అంతే జోరుగా తిరిగొస్తున్నాయి. తాగే నీళ్లు కూడా హన్మకొండలోనే కొనుక్కుంటారు. ఖాళీ సీసాలు మాత్రం మా చేన్ల గట్ల మీద.

అమెరికాలో ఉండే మా చిన్నమ్మ కొడుకు ఫోన్‌లో ఒక ముచ్చట చెప్పాడు. "అక్కా, ఇక్కడ గుడికి, కోటకే కాదు, తొవ్వకు కూడా గుర్తింపు ఇస్తరు." 1991లోనే చట్టం చేసుకున్నారట. దారి పొడుగునా చూడదగ్గవి ఏమున్నాయో, వాటినెట్లా కాపాడుకుంటారో చుట్టుపక్కల ఊళ్లవాళ్లను కూర్చోబెట్టుకొని ప్రణాళిక రాయాలట. ఆ లెక్కన మా తొవ్వకేం తక్కువ?

మహిళా సంఘంలో మాట్లాడుకొని రెండే అడుగుదామనుకున్నాం: ఒక బోర్డు, బండ్లు ఆగేందుకు ఇంత జాగా. గ్రామసభలో తీర్మానం సులువుగానే అయింది. చిక్కంతా తర్వాతే. హైవే ఒకరిదీ, లోపలికి వచ్చే రోడ్డు ఇంకొకరిదీ. మా కాగితం ఒక ఆఫీసులో చాన్నాళ్లు పడి ఉంది. గట్టిగా అడిగితే "ఇది మాది కాదమ్మా" అన్నారు. మరి ఇన్నాళ్లు ఎందుకు దాచిపెట్టుకున్నట్టో! దరఖాస్తును రెండుగా చేసి, దేనికది తీర్మానం నకలు జతచేస్తే కదిలింది.

ఆగినవాళ్లకు తినేవి అమ్మేందుకు మేం పెట్టే అంగడిని గుడి పక్కనే పెడదామని కొందరన్నారు. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త కట్టడం కుదరదు, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తెచ్చుకోవాలి. అందుకే ఊరి మొదట్లోని చింతచెట్టు కింద అనుకున్నాం. రోడ్ల ఇంజినీరు ఏఈ సారు వచ్చి టేపు పట్టించి కొలిపిస్తే, చెట్టూ నీడా అంతా రోడ్డు హద్దులోనే తేలాయి. అక్కడ షెడ్డు వేయొద్దన్నారు. పక్క చేను గల మా కాక కంచె కడీలు పీకి వెనక్కి పాతుకుంటూ, "జాగా నాది, అమ్మకం మీది. నాకేమిస్తరు బిడ్డా?" అన్నాడు. అడిగింది న్యాయమే. నెలకింత కిరాయి అని కాగితం రాసుకున్నాం.

ఇక బోర్డు మీది రాత. గోధుమరంగు పర్యాటక బోర్డు మీద రామప్ప ఒక్కటే రాస్తామన్నారు. రామప్ప చెరువు, గణపురం కోటగుళ్లు కూడా రాయాల్సిందేనని పట్టుబట్టాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిని గంటలో చూసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. చెరువుకట్ట, కోటగుళ్లు కూడా కలిస్తే ఒక పూట పడుతుంది. పూట పడితే ఆకలవుతుంది! ఈ మాటకు ఏఈ సారు కూడా నవ్వి ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆదివారాలు సర్వపిండికి తీరిక లేదు. గిన్నెలో పిండి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కోదాంట్లో నూనె చుక్క వేస్తుంటే వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుంటారు. అడుగు మాడినట్టుండే ముక్క కోసం పోటీ పడతారు. ఆటోవాళ్లకు గిరాకీ పెరిగింది. అందరికీ లాభమని మాత్రం అనను, రోడ్డుకు దూరంగా ఉన్న వాడకు దీంతో ఒరిగిందేమీ లేదు. వాళ్లింట్లో ఆడవాళ్లను వంతులవారీగా అంగట్లోకి తీసుకోవాలని సంఘంలో పంచాయితీ నడుస్తోంది.

మొన్న గణపురం వైపు సంఘంవాళ్లు మా తీర్మానం నకలు అడిగారు. రోడ్డు ఎవరిదో ముందు కనుక్కోమని చెప్పి పంపించాం.