ఓక్ ముక్కలను ఎప్పుడు తీయాలి

కిందటేడు మే నెలలో కెనడా నుంచి తిరిగి వస్తూ తెచ్చుకున్న రెండు వైన్ సీసాలలో ఒకదానిని మొన్న హనుమకొండలోని మా ఇంట్లో తెరిచాము. అది కొన్న వైన్ కాదు. మిస్సిసాగాలో మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో, నేనూ మా అల్లుడూ కలిసి కిట్‌తో చేసిన ఓక్ షార్డొనే, అంటే ఓక్ చెక్క వాసన పట్టించిన తెల్ల ద్రాక్ష వైన్. చదివినవారెవరైనా ఇక్కడ ప్రయత్నిస్తారేమోనని ముందే చెబుతున్నాను: లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం నేరం. కెనడాలో సొంత వాడకానికి వైన్ చేసుకోవడానికి అనుమతి ఉంది కనుక పని అంతా అక్కడే జరిగింది. ఇక్కడ జరిగింది తాగడం మాత్రమే.

కిట్ అంటే ఒక అట్టపెట్టె. గాఢం చేసిన ద్రాక్షరసం సంచి, ఈస్ట్ పొట్లం, బెంటొనైట్ మట్టి, ఓక్ చెక్క, చివరలో కలపవలసిన రసాయనాల పొట్లాలు అందులో ఉంటాయి. నీళ్లు చేర్చితే 23 లీటర్లు, అంటే సుమారు 30 సీసాలు అవుతుంది. బెంటొనైట్‌ను చూసి నాకు నవ్వు వచ్చింది. మా కాలనీలో ఎర్తింగ్ గుంతలలో పోసే మట్టి అదే. వైన్‌లో అది ప్రోటీన్లను పట్టుకొని మడ్డిగా అడుగుకు దిగుతుంది. తేటపరచడానికి చివరలో వేసే కైటోసాన్ రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసినది కావచ్చు కనుక శాకాహారులు పొట్లం మీది రాత చదువుకోవాలి. మా ఇంటావిడ చదివింది, ఆ తరువాత ఆ డ్రమ్ము వైపే రాలేదు.

మొదటి రోజు రసం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ 1.088 చూపింది; చక్కెర ఆల్కహాల్‌గా మారేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. పొట్లం మీద 18 నుంచి 24 డిగ్రీల వేడి ఉండాలని రాసి ఉంది, జనవరి నెలలో ఆ బేస్‌మెంట్ 16 డిగ్రీలకు మించలేదు. రెండు రోజులు ఒక్క బుడగ రాలేదు. చలికాలంలో దోసెల పిండి గిన్నెకు దుప్పటి కప్పినట్టు డ్రమ్ముకు రగ్గు చుట్టిన తరువాత పొంగు మొదలైంది. నెల దాటేసరికి కొలత 0.994 దగ్గర నిలిచింది. లెక్క వేస్తే ఆల్కహాల్ 12.3 శాతం. ఇంతవరకు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేస్తే ఎవరికైనా కుదురుతుంది.

కుదరనిది ఓక్ దగ్గరే. షార్డొనే పుట్టిన బర్గండీలో దీనిని 228 లీటర్ల ఓక్ పీపాలలో ఉంచుతారు. పీపా చెక్క రుచిని ఇస్తుంది, చెక్క సందుల గుండా అతి నెమ్మదిగా గాలిని కూడా లోపలికి పోనిస్తుంది. కిట్‌లోని కాల్చిన ముక్కలు మొదటి పని మాత్రమే చేస్తాయి, అది కూడా తొందరగా చేస్తాయి, ఎందుకంటే పీపాకు లోపలి ముఖం ఒక్కటే తడుస్తుంది, ముక్కకు ఆరు వైపులా తడుస్తుంది. చెక్కను కాల్చినప్పుడు అందులోని లిగ్నిన్ అనే పదార్థం విరిగి, వెనిలా వాసననిచ్చే వెనిలిన్ పుడుతుంది. అమెరికా ఓక్ అయితే దానికి కొబ్బరి వాసన తోడవుతుంది, ఫ్రెంచి ఓక్ అంత గట్టిగా మాట్లాడదు. షార్డొనేలో చాలామంది వెతికే వెన్న వాసన మాత్రం చెక్కది కాదు. అది మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియా పని. కిట్‌లో చివరకు ఈస్ట్ మళ్లీ పొంగకుండా పొటాషియం సోర్బేట్ కలుపుతారు. ఆ బ్యాక్టీరియా సోర్బేట్ మీద పడితే వైన్‌కు నలిపిన జెరేనియం ఆకు వాసన పడుతుంది, ఇక బాగుచేయలేము. అందువల్ల కిట్ షార్డొనేలో వెన్న కోసం ఆశపడకూడదు. మన చేతిలో ఉండేది చెక్క ఒక్కటే.

ఆ ఒక్కదానినే నేను పాడుచేశాను. 60 గ్రాముల ముక్కలను కార్‌బాయ్‌లో, అంటే వైన్ నిలవ ఉంచే సన్నమూతి పెద్ద జాడీలో, వేసి, ఎక్కువ రోజులు ఉంటే ఎక్కువ రుచి అనే అమాయకపు లెక్కతో పది వారాలు వదిలేశాను. ఈ మధ్యలో ఒక్కసారైనా గరిటెడు తీసి రుచి చూడలేదు. సీసాలకు ఎత్తిన రోజున మూత తీయగానే చిత్రిక పట్టిన చెక్కపొట్టు వాసన గుప్పుమంది. "మామయ్యా, ఇది వైనా, తలుపా?" అన్నాడు అల్లుడు.

ఏడాది తరువాత తలుపు కొంత తగ్గింది. మొన్న రుచి చూసినవాడు మా వీధిలోని పాత సహోద్యోగి; వారి తాతలు తండ్రులు కల్లుగీత వృత్తిలో ఉన్నవారు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే చలికి వాసనలన్నీ ముడుచుకుంటాయని పావుగంట ఆగుదామన్నాను. మన ఎండలకు పది నిమిషాలే చాలాయి. ఆపిల్, పండిన అనాస, వాటి వెనుక వెనిలా నాకు అందాయి. ఆయన ఒక గుక్క నోట్లో తిప్పి, "పండు మంచిగనే ఉన్నది సార్, కని చెక్కనే ముందుగాల మాట్లాడుతాంది" అన్నాడు. కాసేపు గ్లాసును చూసి, "మా దగ్గర లొట్టి వాసన కల్లుకు పట్టిందంటే లొట్టి కడగలేదని తిడుతరు. మీరు పైసలు పెట్టి వాసన పట్టిస్తున్నరు" అని నవ్వాడు. పొద్దున తీపిగా దిగి సాయంత్రానికి పులిసే ఈతకల్లును ఎరిగిన మనిషికి పాత్ర వాసన ఒక తప్పు. ఈ వైన్‌కు అదే అలంకారం, కాని మోతాదు తప్పితే ఇద్దరి తిట్టూ ఒకటే.

రెండవ సీసాను దసరా వరకు కదిలించనని ఆయనకు మాట ఇచ్చాను. రాత్రి ఫోనులో ఈ సంగతి చెబితే అల్లుడు కొత్త కిట్ అప్పటికే మొదలుపెట్టానన్నాడు. ఈసారి ముక్కలను గుడ్డసంచిలో పోసి, మింట్ వాసన లేని డెంటల్ ఫ్లాస్‌తో కట్టి వేలాడదీస్తాడట; మూడవ వారం నుంచి వారానికొకసారి రుచి చూసి, చాలనిపించిన రోజున పైకి లాగేస్తాడట.