క్షుల్లకేభ్యశ్చ వో నమః: కనుమ ప్రభ, పిల్లల చేతులు

శ్రీరుద్రంలోని నమకం నాలుగో అనువాకంలో ‘నమో మహద్భ్యః క్షుల్లకేభ్యశ్చ వో నమః’ అన్న చోటికి వచ్చేసరికి నా గొంతు ప్రతిసారీ నెమ్మదిస్తుంది. పెద్దవారికీ చిన్నవారికీ ఒకే ఊపిరిలో నమస్కారం. ఆ వెంటనే రథాలకు, రథపతులకు, ఇంకాస్త ముందుకు వెళితే ‘తక్షభ్యో రథకారేభ్యశ్చ’ అంటూ కొయ్య చెక్కే వడ్రంగులకు, రథం కట్టే పనివారికి నమస్కారం. రథం మీద కూర్చున్న స్వామికి అందరమూ మొక్కుతాము. ఆ రథాన్ని కట్టిన చేయి కూడా రుద్ర స్వరూపమేనని, దానికీ మొక్కమని శ్రుతి చెబుతున్నది. కోనసీమలో పుట్టినవారికి ఈ పంక్తులు కనుమనాడు కళ్ళెదుటే నడిచి వస్తాయి.

కనుమనాడు ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోటలో గుడి లేదు, గోపురం లేదు. మొసలపల్లి మధుమానంత భోగేశ్వరుడు ఆతిథ్యమిస్తుండగా పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద, అంటే వెదురుతో కట్టి అలంకరించి భుజాల మీద మోసే వాహనాల మీద, వచ్చి కొలువుతీరిన ఆ కొద్ది గంటలే ఆ కొబ్బరితోట కైలాసం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలువలో దిగి, నీళ్ళలో తడబడే భుజాల మీద ఒరిగి, మళ్ళీ నిలిచి గట్టెక్కుతుంటే ‘శరభ శరభ’ అన్న కేక తోటంతా మారుమోగుతుంది. పచ్చని చేల మీదుగా ప్రభ వెళితే పైరు పోయిందని ఏ రైతూ బాధపడడు, స్వామి తన చేలో అడుగుపెట్టాడని సంతోషిస్తాడు. ఇవన్నీ కోనసీమవారు ఎరిగినవే. నేను చెప్పదలచుకున్నది ఆ ప్రభను కట్టే చేతుల గురించి.

కిందటేడు సంక్రాంతి సెలవులకు ముందు ఒక బడివారు వేడుకలకు పిలిస్తే వెళ్ళాను. వేదిక మీద థర్మాకోల్ ప్రభ ఒకటి మెరిసిపోతూ నిలబెట్టి ఉంది. బయట డబ్బిచ్చి చేయించినదట. అద్దె పంచెలు కట్టుకున్న పిల్లలు దాని పక్కన వరుసగా నిలబడి ఫోటోలు దిగారు. ఒక చిన్నవాడు ఆశగా దాని అంచును తాకబోతే ‘ముట్టుకోకు, పాడవుతుంది’ అని గద్దించారు. ఆ మాట విని నా మనసు చివుక్కుమంది. ముట్టుకోనివ్వని ప్రభ ఆ పిల్లవాడికి ఎట్లా తనదవుతుంది? 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా ప్రభల తీర్థమే నడిచినప్పుడు అందరమూ పొంగిపోయాము, పొంగవలసిందే. కాని టీవీలో చూసి కలిగిన గర్వం వేరు, వేలికి పురికొస కోసుకుపోగా కలిగిన గర్వం వేరు.

మా వీధి పిల్లలు భోగికి నాలుగు రోజుల ముందు నుంచే మా అరుగు మీద చిన్న ప్రభ కడతారు. వెదురు బద్దను వంచి రెండు కొసలూ కలిపి పట్టుకోవడం ఒకరి వంతు, పురికొసతో బిగించడం ఇంకొకరి వంతు. పట్టు జారితే బద్ద చటుక్కున విప్పుకుని మోచేతికి తగులుతుంది, మళ్ళీ మొదలు. దానికి అమ్మ పాత జరీచీర ముక్క చుట్టి, నెమలి ఈకలు గుచ్చి, కింద వరికంకులు వేలాడదీస్తారు. మొన్నటి కనుమకు ముందు ఆరో తరగతి చదివే మా మనుమరాలు ముడి వేస్తూనే, ‘తాతయ్యా, మా క్లాసులో పుల్లేటికుర్రు అమ్మాయి తమ స్వామి అభినవ వ్యాఘ్రేశ్వరుడని చెప్పింది. ఇరుసుమండ వాళ్ళది ఆనంద రామేశ్వరుడట. పదకొండు పేర్లూ మేమే రాసుకున్నాం’ అని నోటుపుస్తకం తెచ్చి చూపింది. ఒక్కొక్క ఊరి పేరు ఒక్కొక్కరి దస్తూరీలో ఉంది. ఏకాదశ రుద్రులు ఆ తరగతి గదిలో ముందే కలుసుకున్నారనిపించి నా కళ్ళు చెమర్చాయి.

అందుకే పెద్దలకూ ఉపాధ్యాయులకూ చేతులు జోడించి చెబుతున్నాను. ప్రభను కొని తేవద్దు. కత్తి మీరు పట్టుకోండి, పురికొస పిల్లలకు ఇవ్వండి. వంకరగా వస్తే రానివ్వండి. ఏ ఊరి పిల్లలు ఆ ఊరి స్వామి కథను తోటివారికి చెప్పుకోనివ్వండి, తప్పు పలికితే మెల్లగా దిద్దండి. మీ ఊరి ప్రభకు దూలాలు అమర్చే పనివారిని ఒక పూట బడికి పిలిచి కుర్చీ వేయండి, పిల్లల చేత నమస్కారం పెట్టించండి.

వ్యాఘ్రేశ్వరం ఊరి వ్యాఘ్రేశ్వరుని ప్రభ తోటలోకి రాగానే తక్కిన ప్రభలన్నిటినీ మర్యాదగా పైకెత్తుతారు కదా. మొన్న ఆ క్షణంలో తోట అంచున మా పిల్లలు కూడా తమ చిన్న ప్రభను తలల మీదికి ఎత్తారు. అది ఒక పక్కకు ఒరిగింది. మనుమరాలు మునివేళ్ళ మీద నిలబడి, ఒంటిచేత్తో దాన్ని సరిచేసి పట్టుకుంది.