గ్యాస్ బిళ్ల అడిగితే

"ఈ గ్యాస్ బిళ్ల ఎవరికి సార్?" అన్నాడు లీలామహల్ సెంటర్లో మెడికల్ షాపు అబ్బాయి. మా నాయనకన్నాను. "వేరే మందులేమన్నా వాడతా ఉండారా?" ఫోన్లో జెఫిటినిబ్ 250 డబ్బా ఫోటో చూపించా. చేతిలో ఉన్న ప్యాంటోప్రజోల్ షీటు మళ్లీ అరలో పెట్టేశాడు.

ఆ గ్యాస్ బిళ్లతో కడుపులో యాసిడ్ తగ్గితే, జెఫిటినిబ్ అనే ఈ ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు సరిగ్గా కరగదు, ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. డాక్టరునడక్కుండా ఇవ్వనన్నాడు. బేరం పోతా ఉన్నా అట్లా అనేవాళ్లు ఎంతమంది? ఫోన్ చేస్తే డాక్టరమ్మదీ అదే మాట. వేరే మందు, ఎన్ని గంటల తేడాతో వేసుకోవాలో రాసి పంపింది.

కీమో అంటే అందరికీ భయం. ఇదేమో ఇంట్లో రోజుకొక్క మాత్ర, అందుకే అలుసు. అమ్మయితే సంగటి ముద్దలో పొడి చేసి పెడతానంటుంది. పొడి చేయకూడదమ్మా! మింగలేకపోతే అర గ్లాసు మామూలు నీళ్లలో కరిగించి తాగాలి, గ్లాసు కడిగిన నీళ్లతో సహా. పక్కింటి అత్త తెచ్చిన కషాయం సంగతీ డాక్టరమ్మనే అడగాలి.

మొహం మీద పొక్కులు, విరేచనాలు ఈ మందుతో వచ్చేవే, చెప్తే మందిస్తారు. కొత్తగా దగ్గు ఎక్కువైనా, ఆయాసమొచ్చినా మాత్రం తెల్లారేదాకా ఆగొద్దన్నారు.

ఎండలో తిరగొద్దంటే నాయన వింటాడా? "తిరుపతిలో ఎండ లేని రోజేదిరా" అని టోపీ పెట్టుకొని పాలకు పోయినాడు.