మోటారు ఊడదీసే ఉద్యోగం

ఐ.టి.ఐ.లో వైర్‌మన్ ట్రేడు చదివి, గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో పదకొండేళ్లు ఇళ్లకు కరెంటు వైర్లు లాగినవాణ్ణి. నా భార్యకు నర్సు ఉద్యోగం రావడంతో స్కాట్లండ్‌లో గ్లాస్గోను ఆనుకుని ఉన్న క్లైడ్‌బ్యాంక్‌కు వచ్చాం. ఇక్కడ పాత కుట్టు మిషన్లు బాగుచేసే చిన్న షాపులో నన్ను వైరింగు మార్చడానికని తీసుకున్నారు గాని, ఇప్పుడు వారంలో సగం రోజులు నేను చేసేది వైర్లనూ మోటారునూ పూర్తిగా తీసేసి, మిషనుకు చేతిపిడి బిగించడమే.

ఇలాంటి షాపు ఈ ఊళ్లో ఉండడంలో వింతేమీ లేదు. సింగర్ కంపెనీ 1885లో ఇక్కడి కిల్‌బోవీలో ఫ్యాక్టరీ తెరిచి 1980 దాకా నడిపింది. 99కె, 201కె అని మోడల్ నంబరు చివర కనిపించే అక్షరం కిల్‌బోవీని సూచించేదే. ఫ్యాక్టరీ పోయినా రైల్వే స్టేషను పేరు నేటికీ సింగరే. నేను రోజూ దిగేది అక్కడే. షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది అమ్మమ్మలో తాతలో ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లే కనుక, మిషను మూత తీసేలోగా ఆ కథ వినడమూ నా డ్యూటీలో భాగమైంది.

ఈ మిషన్ల పాత వైర్ల మీది రబ్బరు, వేలు తగిలితే చాలు, ఎండిన కరివేపాకులా పొడైపోతుంది. లోపలి రాగి బయటపడుతుంది. మిషను ఒళ్లేమో లోహం, చాలావాటికి ఎర్తు కూడా ఉండదు. ఒకప్పుడు బ్రిటన్‌లో ఊరికొక వోల్టేజీ ఉండేదట. అందుకే ఒక మోటారు రేకు మీద 200-220 అని, మరొకదాని మీద 230-250 అని ఉంటుంది. అది చూసుకోకుండా చెయ్యి పెట్టకూడదు. కొత్త వైరుకు టంకం పెట్టి, స్లీవు తొడిగి, ప్లగ్గులో 13 ఆంపియర్ల ఫ్యూజు తీసి 3 ఆంపియర్లది వేసి, మెగ్గర్‌తో, అంటే కరెంటు లీకేజీని పట్టే మీటరుతో, పరీక్షిస్తాను. మోటారు చుట్టలోనే లీకేజీ కనిపిస్తే, చేతిపిడి పెట్టించుకోమని సలహా ఇస్తాను.

అసలు అలా అడిగి చేయించుకునేవాళ్లే ఎక్కువ. కాలువ మీద పడవల్లో కాపురముండేవాళ్లు, పిల్లలకు కుట్టు నేర్పేవాళ్లు, కరెంటు సరిగా అందని ఆఫ్రికా పల్లెలకు మిషన్లు పంపే స్వచ్ఛంద సంస్థలవాళ్లు వస్తారు. మోటారు వేలాడే దిమ్మకే పిడి కూడా ఒక్క బోల్టుతో బిగుస్తుంది కాబట్టి పని తేలికనిపిస్తుంది. కానీ పిడికి ఉన్న ఇనుప వేలు చక్రం ఆకుల మధ్య దూరి దాన్ని తిప్పాలి. కరెంటు మిషన్లలో చాలావాటికి ఆకుల్లేని నిండు చక్రమే ఉంటుంది. అప్పుడు చక్రం మార్చాలి, మార్చాక మూడు కొమ్ముల వాషరును సరైన వైపు పెట్టాలి, లేకపోతే బాబిన్ చుట్టేటప్పుడు సూది ఆగదు. ఆ వాషరును అర చుట్టు తిప్పి మళ్లీ బిగిస్తే దారికొస్తుంది. స్తంభంలోనే మోటారు ఇమిడి పళ్లచక్రంతో నడిచే 201కె రకం వస్తే మాత్రం దాని జోలికి పోవద్దని నేనే చెప్పి పంపించేస్తాను.

మొదటి నెలలో ఒక తప్పు చేశాను. మా ఊళ్లో మోటార్లు తుడిచే అలవాటుకొద్దీ, జిడ్డు పట్టిన మిషనును స్పిరిటుతో తుడిచాను. దాని మీది పూత లక్క. స్పిరిటుకు కరిగిపోయింది, బంగారు అక్షరాల్లో సగం నా గుడ్డకే అంటుకున్నాయి. మిషను సొంతదారు ముసలావిడ ఏమీ అనలేదు, ఆ గుడ్డను మాత్రం అడిగి తీసుకెళ్లింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేదేమో. అప్పటినుంచి జిడ్డుకు కుట్టు మిషను నూనె, లోపల గడ్డకట్టిన పాత నూనెకు కిరోసిన్, అంతే.

ఫోనులో ఈ పని గురించి చెబితే అమ్మకు ఒక పట్టాన నమ్మకం కుదరలేదు. "ఏరా, మోటారు పెట్టించడానికి నేను రెండేళ్లు చీటీ కట్టాను, అక్కడివాళ్లు డబ్బులిచ్చి ఊడబీకించుకుంటారా?" అంది. ఆ మోటారు బిగించింది నేనే. అంతవరకూ ఆమె కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఎడమచేత్తోనే జాకెట్టు చంకల గుండ్రాలు మలుపుతూ కుట్టేది. ఈ పద్ధతిలో అసలు కష్టమంతా గుడ్డకు ఒక్క చెయ్యే మిగలడంలో ఉంది. ఉషా మిషనుది, ఆ పాత పిడి అటక మీద ఉందని, కావాలంటే పంపిస్తానని అంది.

మా పిన్ని కొడుకు వస్తూ తెచ్చాడు. బోల్టు మర కలవలేదు గాని, ఇక్కడి బోల్టుతో ఒక పడవావిడ 15కె మిషనుకు చక్కగా కూర్చుంది. బొబ్బలు రాకుండా అమ్మ కొయ్యపిడి చుట్టూ కుట్టిన గుడ్డ పేలికను విప్పబోతుంటే ఆవిడ వద్దంది. ఇప్పుడు ప్రతి ఆదివారం అమ్మ అడుగుతోంది, పిడి కిర్రుమంటోందా, నూనె వేస్తున్నారా అని.