రూయెన్‌లో మూడు గోతిక్ చర్చిలు

ఫ్రాన్స్‌లో సెన్ నది ఒడ్డున ఉన్న రూయెన్ నగరంలో మధ్యయుగపు ఐరోపాలో మొనదేలిన కమానులతో కట్టిన గోతిక్ శైలి చర్చిల్లో నేను మొదట చూసినది నోత్రదామ్ కేథడ్రల్, అంటే బిషప్ పీఠమున్న ప్రధాన చర్చి. దాని పడమటి ముఖానికి ఇరుపక్కలా ఉన్న గోపురాలు ఒకదానినొకటి పోలవు. ఎడమవైపుది 12వ శతాబ్దంలో మొదలైనది. కుడివైపుది 1485లో ఆరంభమైన 'వెన్న గోపురం'. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో వెన్న తినేందుకు అనుమతి పొందిన విశ్వాసులు ఇచ్చిన సొమ్ము దాని నిర్మాణానికి తోడ్పడిందని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. నడుమనున్న 151 మీటర్ల పోత ఇనుప శిఖరం వల్ల ఈ కట్టడం 1876 నుంచి 1880 వరకు ప్రపంచంలోకెల్లా ఎత్తయినదిగా నిలిచింది.

సమీపంలోని సెయింట్ మక్లూ చర్చి 1437లో మొదలైంది. దాని ఐదు తోరణాల ముఖమండపం మీద రాయి అగ్నిజ్వాలల్లా మెలికలు తిరుగుతుంది.

అయినా నా మనసు నిలిచింది 1318లో పునాది పడిన సెయింట్ ఉవాఁ చర్చిలోనే. సుమారు 33 మీటర్ల ఎత్తున ఉన్న రాతికప్పు బరువును సన్నని పక్కటెముకల వంటి కమానులు స్తంభాల మీదికి దించుతుండగా, పక్కలకు నెట్టే ఒత్తిడిని వెలుపలి ఆనుకమానులు మోస్తాయి. ఆ భారం తప్పిన గోడల స్థానంలో శిల్పులు రంగుటద్దాలు నింపారు. మధ్యాహ్నపు ఎండ వాటిగుండా దిగి లేతరంగు రాతిస్తంభాలపై పడుతుంటే, నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.